స్థలం అమ్మే ముందు అమ్మాయి గొంతు చూపించండి

విశాఖపట్నం నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరమే రాశారు. ఆమె ప్రభుత్వ పాఠశాలలో టీచరు, భర్తది పోర్టులో ఉద్యోగం. పెద్దమ్మాయికి 24 ఏళ్లు. ఏడో ఏట నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంది. ఐదు శ్రుతిలో పాడుతుంది, చిన్నచిన్న కచేరీలూ చేసింది. డిగ్రీలో కాలేజీ కోయిర్‌లో చేరాక ఒపెరా, అంటే పాశ్చాత్య సంగీత నాటకాల్లో పాడే గానం మీద మనసు పడింది. నాలుగేళ్లుగా ఆన్‌లైన్‌లో ఒక టీచరు దగ్గర నేర్చుకుంటూ లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షల్లో గ్రేడ్ 8 డిస్టింక్షన్‌లో పాసైంది. రోజూ ఐదు గంటలు ఇంట్లోంచే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు చెప్పి నెలకు 22 వేలు తెచ్చుకుంటోంది. ఇప్పుడు ఇంగ్లండులోని ఒక సంగీత కళాశాలలో రెండేళ్ల మాస్టర్స్‌కు సీటొచ్చింది. ఫీజు ఏడాదికి 28 వేల పౌండ్లు. అందులో 8 వేలు స్కాలర్‌షిప్ కింద తగ్గిస్తామన్నారు. నాలుగు వారాల్లో డిపాజిట్ కట్టాలి.

ఆనందపురం దగ్గర వాళ్లకు 200 గజాల స్థలం ఉంది. అమ్మితే 50 లక్షలు పలుకుతుంది. అమ్మాయి పెళ్లికీ, బీటెక్ రెండో ఏడాదిలో ఉన్న అబ్బాయికీ పనికొస్తుందని కొన్నారు. 'పాట పాడితే జీతం ఎవడిస్తాడు' అంటారు తండ్రి. ఆడపడుచు సంబంధాలు చూస్తోంది. సంగీతం నేర్పిన గురువుగారు 'ఆ అరుపులకి గొంతు పోతుంది' అని కోప్పడి మాట్లాడటమే మానేశారు. పిల్ల సరిగా అన్నం తినడం లేదు. ఉత్తరం చివర, సంతకానికి ముందు ఇలా ఉంది: 'మూడు నెలలుగా సాయంత్రమయ్యేసరికి దాని గొంతు బొంగురుపోతోంది. మిరియాల పాలు ఇస్తున్నాను.' ఆమె అడిగిందల్లా ఒక్కటే: స్థలం అమ్మాలా, వద్దా?

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముందు పట్టించుకోవాల్సింది ఆ చివరి మాట. సీటు సంగతీ స్థలం సంగతీ దాని తర్వాతే. మూడు నెలల బొంగురు మిరియాల పాలతో పోదు. మనం తాగేదేదీ స్వరతంతువులకు తగలదు. మింగే క్షణంలో శ్వాసనాళం మూసుకుపోయి అంతా అన్నవాహికలోకి వెళ్తుంది. పాలతో గొంతు హాయిగా అనిపిస్తుంది, అంతవరకే. బొంగురు మూడు నాలుగు వారాలు దాటితే ఎవరైనా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి. పాటే బతుకుదెరువు చేసుకోవాలనుకునే పిల్ల విషయంలో అంత ఆలస్యం కూడా పనికిరాదు.

వెళ్లే ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి 'వీడియో స్ట్రోబోస్కోపీ ఉందా' అని అడగండి. మామూలు గొట్టంతో చూస్తే తంతువులు రెండు తెల్లని మడతల్లా కనిపిస్తాయి, అంతా బాగానే ఉందనిపించవచ్చు. కానీ పియానో మధ్యభాగంలోని ఎ4 స్వరం పాడేటప్పుడు అవి సెకనుకు 440 సార్లు కలిసి విడిపోతుంటాయి. కంటికి అంత వేగం అందదు. స్ట్రోబోస్కోపీలో లైటు ఆ కంపనానికి కాస్త తేడాతో వెలిగి ఆరుతుంది కాబట్టి కదలిక నెమ్మదిగా జరుగుతున్నట్టు కనిపిస్తుంది. రెండు అంచులూ పూర్తిగా కలుస్తున్నాయా, మధ్యలో ఎక్కడైనా గట్టిపడిందా, ఒక పక్క బిగుసుకుందా అన్నది అప్పుడే తేలుతుంది. ఆ వీడియో కాపీ అడిగి తెచ్చుకోండి. ముందు ముందు ఏ మార్పు వచ్చినా దానితో పోల్చి చూడటానికి పనికొస్తుంది.

ఏం బయటపడవచ్చు? నాడ్యూల్స్ అనే చిన్న బొడిపెలు కావచ్చు. ఎక్కువగా మాట్లాడే వృత్తుల్లో ఉన్నవాళ్లకు ఇవి మామూలే, మీ తోటి టీచర్లలో కూడా చూసే ఉంటారు. మెత్తగా ఉన్న దశలో దొరికితే మాట తీరు సరిదిద్దే వాయిస్ థెరపీతో కొన్ని వారాల్లోనో, కొన్ని నెలల్లోనో తగ్గుతాయి. ఆపరేషన్ దాకా సాధారణంగా రాదు. పాలిప్, అంటే తంతువు మీద పెరిగే మెత్తని కండ అయితే దారి వేరు, డాక్టరు చెప్పినట్టు నడుచుకోవాలి. పొట్టలో ఆమ్లం పైకి ఎగదన్నడం వల్ల కూడా తంతువులు వాస్తాయి. లేదా ఇవేవీ కాకుండా ఉత్త అలసటే కావచ్చు.

అలసటకు కారణం మీరు రాసినదాంట్లోనే ఉంది. పాట కన్నా నాకు ఎక్కువ అనుమానం ఆ ఐదు గంటల క్లాసుల మీద. చెవులు మూసేసే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే తమ గొంతు తమకు సరిగా వినబడక చాలామంది తెలియకుండానే గట్టిగా మాట్లాడేస్తారు. అలా అలసిన గొంతుతో సాయంత్రం రెండు గంటలు పై స్వరాలు సాధన చేస్తే బొంగురుపోక ఏమవుతుంది? ఒక చెవి ఖాళీగా ఉంచి, మంచి మైకు పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడమనండి. యాభై నిమిషాలకోసారి పది నిమిషాలు పూర్తిగా మౌనంగా ఉండాలి. సాధన పొద్దున్న క్లాసులకు ముందు చేసుకోవాలి, అదీ ఇరవై నిమిషాల చొప్పున రెండు మూడు విడతలుగా. గొంతు సవరించుకోవడం, గుసగుసలాడటం రెండూ మానాలి. గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు గానీ చాలామందికి దానివల్ల ఇంకా బిగుసుకుంటుంది. ఆవిరి పట్టాలంటే ఉత్త నీళ్లతోనే పట్టండి. ఘాటు మందులు కలిపితే చల్లగా అనిపించి లోపల ఎండగడతాయి. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలైనా ఎడం ఉండాలి. అన్నం మానేసి, అర్ధరాత్రి ఆవకాయ కలుపుకుని రెండు ముద్దలు తిని పడుకునే అలవాటు ఉంటే అదొక్కటే చాలు, పొద్దునకి గొంతు పాడవడానికి.

ఇక గురువుగారి కోపం. ఆయన మాటలో సగం నిజముంది. సరిగ్గా నేర్చుకుంటే ఒపెరా పాడటం వల్ల గొంతు పోదు. అరవై దాటినా వేదిక మీద పాడుతున్నవాళ్లున్నారు. కానీ ఆయన కట్టిన గొంతు వేరు, ఇది అడిగే గొంతు వేరు. మీ అమ్మాయి ఐదు శ్రుతిలో మధ్య షడ్జమం పియానో మీద జి3. తారస్థాయి పంచమం డి5. మన కచేరీలో ఆ పంచమం దాటి వెళ్లాల్సిన అవసరం దాదాపు రాదు. సోప్రానోకు, అంటే అన్నిటికన్నా పై స్థాయి ఆడ గొంతుకు సి6 దాకా ఉండాలి. అంటే అదే శ్రుతిలో అతితార షడ్జమం కూడా దాటి, ఆ పైన శుద్ధ మధ్యమం. ఇన్నేళ్లూ పాట ఆగిపోయిన చోటి నుంచి ఇంకో ఆరు స్వరాల ఎత్తన్నమాట. కింద వాడే గొంతునే బలవంతంగా పైకి ఈడ్చుకెళ్తే గురువుగారు భయపడ్డదే జరుగుతుంది. పైకి వెళ్లేకొద్దీ తంతువులు సాగి పలచబడాలి, నోటి ఆకారం మారాలి. అలవాటు కావడానికి ఏళ్లు పడుతుంది, చెప్పేవాళ్లు పక్కనే ఉండి చూడాలి.

రెండో తేడా మైకు. ఒపెరా హౌసులో సాధారణంగా మైకు ఉండదు. వేదిక ముందు గోతిలో అరవై డెబ్బై మంది వాద్యకారులు వాయిస్తుంటే వాళ్ల మీదుగా చివరి వరుసకు గొంతు చేరాలి. మన దగ్గర మైకులు రాకముందు పద్యనాటకం నటులు తెల్లవార్లూ ఊరంతటికీ వినిపించింది ఈ రకం సత్తాతోనే. అది బిగ్గరగా పాడటం కాదు. ఆర్కెస్ట్రా శక్తి ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. శిక్షణ పొందిన గొంతు, ముఖ్యంగా మగవాళ్లది, 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక మెరుపు తెచ్చుకుని ఆ సందులోంచి దూసుకొస్తుంది. సోప్రానోలు పై స్వరాల్లో నోరు తెరిచే తీరు మార్చి అదే ఫలితం రాబడతారు. ఆ ఎత్తులో మాటలు స్పష్టంగా వినబడకపోవడానికి కారణం అదే.

కాబట్టి ఒక పరీక్ష మీరే చేయవచ్చు. డాక్టరు సరేనన్నాక, కళాభారతి లాంటి హాలు పగటిపూట ఖాళీగా ఉన్నప్పుడు గంటసేపు అడిగి తీసుకోండి. మైకు వద్దు. పియానో వాయించగల మనిషిని ఒకరిని పిలవండి. అమ్మాయి వేదిక మీద, మీరు చివరి వరుసలో. అక్కడే ఫోన్ పెట్టి రికార్డు చేయండి. మన ఊళ్లో ఆన్‌లైన్‌లో నేర్చుకునే పిల్లలకు ఉండే పెద్ద లోటు ఇక్కడ బయటపడుతుంది. వాళ్లు కంప్యూటర్ ట్రాక్ పెట్టుకుని సాధన చేస్తారు. ట్రాక్ ఆగదు, ఊపిరి తీసుకోదు, పాడేవాళ్ల కోసం క్షణం వేచి ఉండదు. అలా అలవాటైన వాళ్లు మనిషి వాయిస్తుంటే తడబడతారు. అసలైన ఆడిషన్‌లో వాయించేది మనిషే.

ఆ రికార్డింగును ఇప్పుడు ఫీజు తీసుకుని నేర్పుతున్న టీచరుకు కాకుండా, మీ అమ్మాయి వల్ల ఏ లాభమూ లేని ఇద్దరు ముగ్గురికి డబ్బిచ్చి వినిపించండి. రిపెటిటర్ అంటే, గాయకులకు పియానో మీద పాత్రలు వల్లె వేయించే మనిషి. ఒపెరా హౌసులో పనిచేసిన రిపెటిటర్లు ఆన్‌లైన్‌లో గంట లెక్కన వింటారు. వాళ్లను 'బాగా పాడుతోందా' అని అడగొద్దు. 'ఈ గొంతు ఏ రకం, ఏ పాత్రలకు ఎవరైనా డబ్బిచ్చి పిలుస్తారు, ఎన్నాళ్లకు' అని అడగండి. మన పిల్లల్లో వాళ్లు తరచుగా పట్టుకునేవి ఉంటాయి. స్వరాన్ని నేరుగా అందుకోకుండా కింద నుంచి జారి పట్టుకోవడం గమకం అలవాటు వల్ల వస్తుంది. ఇటాలియన్ మాటల్లో 'త' అనాల్సిన చోట 'ట' అనడం ఇంగ్లిష్ చదువు వల్ల వస్తుంది. రెండూ దిద్దుకోగలిగినవే. వైబ్రాటో, అంటే స్వరం సెకనుకు ఆరు సార్ల చొప్పున సమంగా ఊగడం, ఇంకా స్థిరపడకపోతే మాత్రం నాలుగు వారాల్లో దిద్దేది కాదు.

ఇప్పుడు సీటు గురించి. సీటు రావడం చిన్న సంగతి కాదు, స్కాలర్‌షిప్ కొంతైనా ఇచ్చారంటే గొంతులో ఏదో విన్నారు. అయితే విదేశీ విద్యార్థుల ఫీజు మీద ఆ కళాశాలలు బాగా ఆధారపడతాయన్నదీ నిజమే. డిపాజిట్ కట్టే ముందు అమ్మాయి కొన్ని విషయాలు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. నేర్పే గురువు ఎవరు, వారానికి ఒంటరి పాఠం ఎన్ని నిమిషాలు, రిపెటిటర్‌తో ఎంతసేపు, కళాశాల వేసే ఒపెరాల్లో మొదటి ఏడాది వాళ్లకు పాత్రలిస్తారా. ఇవి కాక ఇంకొకటుంది, తెలియక చాలామంది దెబ్బతినేది దాని దగ్గరే. ఇంగ్లండులో చాలా చోట్ల గాత్రం మాస్టర్స్ వేరు, ఒపెరా కోర్సు వేరు. రెండోది మొదటిది పూర్తయ్యాక మళ్లీ ఆడిషన్ ఇచ్చి, మళ్లీ ఫీజు కట్టి చేరాల్సింది. మీ అమ్మాయికి వచ్చింది ఏది?

డబ్బు లెక్క చూద్దాం. పౌండు 110 రూపాయలనుకుంటే, స్కాలర్‌షిప్ పోను ఫీజు ఏడాదికి 22 లక్షలు. లండన్ కాకుండా వేరే ఊళ్లో నెలకు 1,200 పౌండ్లతో పొదుపుగా గడిపినా ఏడాదికి 16 లక్షలకు దగ్గర. రెండేళ్లకు 76 లక్షలు. వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య సర్‌ఛార్జి కట్టాలి. విమాన టికెట్లు, స్వరలిపి పుస్తకాలు, ఆడిషన్ల ప్రయాణాలు కలిపితే 80 లక్షలు. అంటే స్థలం అమ్మినా చాలదమ్మా. 50 లక్షల్లో మూలధన లాభాల పన్ను పోగా మిగిలేది ఇంకా తక్కువ. అమ్మేసి కూడా 30 లక్షలకు పైగా అప్పు చేయాల్సి వస్తుంది. పైగా వీసాకు చూపించే సొమ్ము ఖాతాలో 28 రోజులు కదలకుండా ఉండాలి. ఆ గడువు తరుముతుంటే తొందరపడి అమ్మే స్థలానికి గజం ధర ఎంత తెగ్గోస్తారో మీకు తెలియనిది కాదు.

'అక్కడ పని చేసుకుని సంపాదిస్తుంది' అన్న ధైర్యం ఉంటే ఇదీ తెలుసుకోండి. విద్యార్థి వీసా మీద చదువు రోజుల్లో వారానికి 20 గంటలు ఉద్యోగం చేయవచ్చు. సొంతంగా చేసుకునే పని కుదరదు, వృత్తి కళాకారిణిగా డబ్బు తీసుకుని పాడటమూ కుదరదు. కాఫీ షాపులో పనిచేయవచ్చు గానీ పెళ్లి విందులో పాడి డబ్బు తీసుకోకూడదు. ఇప్పుడు చెబుతున్న ఇంగ్లిష్ క్లాసులు అక్కడ కూర్చుని ఫ్రీలాన్స్‌గా చెప్పడం కూడా నిబంధనలకు విరుద్ధమే. పట్టా తర్వాత ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా గడువు 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ వాళ్లకు ఏడాదిన్నరే.

ఆ ఏడాదిన్నరలో ఏం జరుగుతుంది? మీ వారి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే, పాడేవాళ్లకు జీతం ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఎక్కువగా ఉన్నది జర్మనీలో. ప్రజల డబ్బుతో నడిచే ఒపెరా హౌసులు అక్కడ దాదాపు 80. చాలా వాటిలో సోలో గాయకులను నెల జీతం మీద పెట్టుకుంటారు, ఆ ఒప్పందాన్ని 'ఫెస్ట్' అంటారు. 2023 నుంచి కనీస జీతం 2,700 యూరోలు దాటింది. పన్ను, బీమా పోగా ఒంటరి మనిషి చేతికొచ్చేది 1,900 అటూ ఇటూ. ఒప్పందం ఒకటి రెండు సీజన్లకే రాస్తారు. కొనసాగించకపోతే ఆ ముక్క ముందు ఏడాది అక్టోబర్ 31లోగా చెప్పాలి. అందుకే అక్కడి గాయకులకు అక్టోబర్ నెలంటే గుండెదడ. ఒకే హౌసులో 15 ఏళ్లు దాటితే తీసేయడం దాదాపు అసాధ్యమవుతుంది. సరిగ్గా ఆ గడప ముందు పంపేసిన సందర్భాలూ ఉన్నాయి. రోజు ఎలా ఉంటుందంటే, పొద్దున పదింటికి ఒక రిహార్సల్, సాయంత్రం ఆరింటికి ఇంకొకటి లేదా ప్రదర్శన. మధ్యలో రేపటి పాత్ర బట్టీ పట్టాలి.

ఇంగ్లండులో దాదాపు అందరూ ఫ్రీలాన్సర్లే. పాడిన రాత్రికి డబ్బు. జలుబు చేసి ఆ రాత్రి పాడలేకపోతే సాధారణంగా డబ్బు లేదు, ఆరు వారాలు రిహార్సల్ చేసినా సరే. 'కవర్' అంటే అసలు గాయని రాలేకపోతే ఎక్కడానికి సిద్ధంగా ఉండే మనిషి. కొత్తవాళ్లకు మొదట దొరికేది అదే. ఏజెంటు ఉంటే 10 నుంచి 15 శాతం తీసుకుంటాడు. పెద్ద హౌసుల యువ కళాకారుల కార్యక్రమాలున్నాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో లిండెమాన్ కార్యక్రమం 1980లో మొదలైంది, లండన్ రాయల్ ఒపెరాలో జెట్ పార్కర్ 2001లో. ఇలాంటి వాటికి ఎక్కువగా ముప్పై, ముప్పై రెండేళ్ల లోపు వాళ్లనే తీసుకుంటారు. మీ అమ్మాయి 26కి మాస్టర్స్ ముగిస్తే నాలుగైదేళ్ల సమయం ఉంటుంది. ఈ రంగానికి 24 ఆలస్యం కాదు, తేలిక సోప్రానో గొంతులు ఇరవైల చివర్లోనే కుదురుకుంటాయి. ఇబ్బందల్లా పోటీ. అన్ని గొంతుల్లోకీ సోప్రానోలే ఎక్కువ, వాళ్లకున్న పాత్రలు అంతమందికి సరిపోవు.

కోరస్, అంటే ఒపెరాలో బృందంగా పాడేవాళ్ల గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. బహుశా అమ్మాయి దాన్ని తక్కువగా చూస్తోంది. అది పొరపాటు. జర్మన్ హౌసుల్లో కోరస్ అంటే ఒప్పంద జీతం, ఆరోగ్య బీమా, పెన్షన్ ఉన్న పూర్తికాల ఉద్యోగం. సోలో వాళ్లకన్నా నిలకడగా ఉంటుంది. దానికీ గట్టి ఆడిషనే. స్వరలిపి చూడగానే పాడగలగాలి, నాలుగు భాషల్లో పాడాలి. జీవితమంతా ఒపెరాలో గడపాలనుకునే మనిషికి ఇది చక్కటి దారి.

మన దేశంలో నెల జీతమిచ్చే ఒపెరా కంపెనీ లేదు. కానీ నేర్చుకునే చోట్లున్నాయి. చెన్నైలో ఎ.ఆర్. రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీలో పాశ్చాత్య గాత్రం, పియానో రెండూ ఎదురుగా కూర్చుని నేర్పుతారు. బొంబాయిలో పుట్టి లండన్‌లో స్థిరపడిన సోప్రానో పట్రీషియా రొజారియో, ఆమె భర్త, పియానిస్టు మార్క్ ట్రూప్ కలిసి 'గివింగ్ వాయిస్ టు ఇండియా' పేరుతో ఇక్కడి పిల్లలకు శిక్షణ నడిపారు. భారతీయ గొంతు అంతర్జాతీయ వేదిక మీద ఎలా నిలబడిందో తెలుసుకోవడానికి ఆమె ప్రస్థానం మీ వారికి చూపించండి.

మీ ముందున్న దారుల్లో మొదటిది, ఇప్పుడే వెళ్లడం. స్థలం అమ్మకుండా దాన్నే హామీ పెట్టి విద్యా రుణం తీసుకోవచ్చు. విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి ఉన్న లేఅవుట్ అయితే బ్యాంకులు చూసే అవకాశం ఎక్కువ, ముందుగా ఆ కాగితాలు తీయండి. స్థలం చేజారదు, కానీ భారం చూడండి. 40 లక్షలు 10 శాతం వడ్డీకి 15 ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా 43 వేలు. జర్మనీలో ఫెస్ట్ దొరికితే అమ్మాయి చేతికొచ్చే 1,900లో 430 యూరోలు దానికే పోతాయి. దొరకకపోతే ఆ వాయిదా మీ జీతంలోంచి కట్టాలి. పైగా మిగతా 40 లక్షలు ఎక్కడివన్న ప్రశ్న అలాగే ఉంటుంది. స్ట్రోబోస్కోపీలో ఏదైనా కనిపిస్తే ఈ దారి ఈ ఏడాదికి మూసుకున్నట్టే. బాగుపడని గొంతుతో వెళ్తే మొదటి సెమిస్టరంతా మౌన విశ్రాంతికే పోతుంది, ఫీజు మాత్రం ఆగదు.

రెండోది, సీటును ఏడాది వాయిదా వేయమని అడగడం. చాలా కళాశాలలు సీటు ఉంచుతాయి గానీ స్కాలర్‌షిప్ ఉంచుతామని చెప్పవు. అది పోవచ్చని తెలిసే అడగాలి. ఆ ఏడాదిలో గొంతు బాగుచేసుకోవచ్చు, చెన్నైలో మనిషి ఎదురుగా నేర్చుకోవచ్చు, వేరే స్కాలర్‌షిప్‌లకు దరఖాస్తు పెట్టవచ్చు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని అకాడమీ ఆఫ్ వోకల్ ఆర్ట్స్, కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ అసలు ట్యూషన్ ఫీజే తీసుకోవు. పోటీ భయంకరం, నిజమే, కానీ అక్కడ అడ్డు గొంతే తప్ప మీ స్థలం కాదు.

మూడోది జర్మనీ. అక్కడి ప్రభుత్వ సంగీత విశ్వవిద్యాలయాల్లో చాలా రాష్ట్రాల్లో ట్యూషన్ లేదు. బాడెన్-వుర్టెంబర్గ్‌లో మాత్రం బయటి దేశాల వాళ్ల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటారు. వీసాకు ఏడాది ఖర్చు 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో వేయాలి. సుమారు 12 లక్షలు, అది మళ్లీ నెలనెలా అమ్మాయికే వస్తుంది. భాష కోర్సు, మన డిగ్రీ అసలైనదేనని తేల్చే ఏపీఎస్ ధ్రువపత్రం, ఆడిషన్లకు వెళ్లిరావడం కలిపినా రెండేళ్లకు 30 లక్షల్లో పడుతుంది. చిక్కులున్నాయి. జర్మన్ భాష బీ1 లేదా బీ2 దాకా రావాలి, రోజూ చదివినా ఎనిమిది పది నెలలు. ప్రత్యక్షంగా వెళ్లి పాడాలి. కొన్ని చోట్ల వయోపరిమితి ఉంది కాబట్టి ఇది ఏళ్ల తరబడి వాయిదా వేసేది కాదు. ఎన్నో దేశాల పిల్లలు ఒకటి రెండు సీట్లకు వస్తారు, మొదటి ఏడాది రాకపోవచ్చు. అయినా ఉద్యోగాలున్న దేశంలోనే చదవడం, ఆ భాషే రావడం చాలా పెద్ద లాభం. గొంతు ఆరోగ్యంగా ఉందని తేలితే, బయటివాళ్లు విని 'ఉంది' అంటే, నా మొగ్గు రెండో దారినీ మూడో దారినీ కలిపి నడవడం వైపే.

నాలుగోది ఇక్కడే ఉండటం. కోయిర్ నడపడం, పిల్లలకు పాశ్చాత్య గాత్రం నేర్పడం, రికార్డింగులు. విశాఖలో సరిగ్గా నేర్పేవాళ్లు తక్కువ, నేర్చుకోవాలనుకునే పిల్లలు ఉన్నారు. ఒపెరా వేదిక మాత్రం దక్కదు. ఆ సంగతి అమ్మాయికి దాచకుండా చెప్పాలి, 'ఇక్కడ కూడా పాడొచ్చులే' అని సర్దిచెప్పకూడదు.

మీ వారితో మాట్లాడేటప్పుడు పాట గొప్పదనం గురించి కాకుండా పై లెక్కలు కాగితం మీద పెట్టి చూపించండి, అదీ అమ్మాయి చేతే. ఎన్నేళ్లకు ఏ మెట్టు, ఏ వయసుకి ఏం రాకపోతే దారి మార్చుకుంటుంది అన్నది తను రాసి తెస్తే తండ్రి వినే తీరు మారవచ్చు. అబ్బాయినీ కూర్చోబెట్టండి, ఆ స్థలంలో వాడికీ భాగముంది. వాడి ముందు తేలని విషయం పదేళ్ల తర్వాత అక్కాతమ్ముళ్ల మధ్య తేలుతుంది. సంబంధాలు ఈ ఏడాదికి ఆపమని ఆడపడుచుకి మీరే చెప్పండి. ఈ వృత్తిలో మనిషి ఒక ఊళ్లో రెండు నెలలు, ఇంకో దేశంలో మూడు నెలలు ఉంటుంది. దానికి ఒప్పుకునే అబ్బాయి దొరకడు అని కాదు, ఆ మాట దాచి చేసిన పెళ్లి నిలబడదని. గురువుగారి దగ్గరికి స్ట్రోబోస్కోపీ ఫలితం తీసుకుని మీరిద్దరూ వెళ్లండి. ఆయన కోపం వెనకున్న భయానికి అది జవాబు. పదిహేనేళ్లు శ్రుతి, లయ నిలబెట్టిన మనిషి, అమ్మాయికి ఇప్పుడూ అవసరమే.

ఈ వారం చేయాల్సిన పనులు రెండే. ఈఎన్‌టీ అపాయింట్‌మెంట్ తీసుకోండి. కళాశాలకు అమ్మాయి చేత ఒక మెయిల్ పెట్టించండి. డిపాజిట్ గడువు పొడిగిస్తారా, వీసా రాకపోయినా, వైద్య కారణం వచ్చినా డిపాజిట్ తిరిగిస్తారా, సీటు వచ్చే ఏడాదికి మార్చుకుంటే స్కాలర్‌షిప్ ఉంటుందా, ఇది ఒపెరా కోర్సా గాత్రం మాస్టర్సా. నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా డిపాజిట్ కట్టకండి, స్థలం కాగితాలు ఏ బ్రోకర్ చేతికీ ఇవ్వకండి.